అత్తయ్య తిండి ఫైలు

మా అత్తగారిని ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి పంపే రోజున సర్దాల్సినవి చాలా ఉంటాయి. రబ్బరు షీటు, గాలి పరుపు, దాని మోటారు, పాత నేత చీరలు చింపి కుట్టిన మెత్తటి గుడ్డలు, మందుల డబ్బా, ఆవిడ తప్ప ఇంకెవరూ తాగని వెండి గ్లాసు. అవన్నీ కారెక్కాక ఫోన్లో ఒక పని మిగులుతుంది. అది కూడా అయితేగాని నాకు కళ్ళు మూసుకోబుద్ధి కాదు. ఆ పని ఏమిటో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి.

పోయినేడు ఎండాకాలంలో ఆవిడకి పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట ముద్దగా అయిపోయింది. అన్నిటికంటే ఇబ్బంది మింగడం. మామూలు మనిషికి నీళ్ళు గొంతులోకి వెళ్తాయి. ఆవిడకి కొన్ని గొంతులోకి, కొన్ని ఊపిరితిత్తుల్లోకి వెళ్తాయని డాక్టరుగారు చెప్పారు. ఆస్పత్రిలో మింగడం నేర్పడానికే ఒక అమ్మాయి ఉంటుందని నాకు అప్పుడే తెలిసింది. ఆ అమ్మాయి మమ్మల్ని కూర్చోబెట్టి వివరంగా చెప్పింది. ఆవిడని నిటారుగా కూర్చోబెట్టాలి. గెడ్డం కిందికి వంచాలి. ఏదైనా సరే చిక్కగా ఉండాలి. చెంచా వంచితే ధార కట్టకూడదు, ముద్దలా జారాలి. నీళ్ళలో కూడా మందుల షాపులో దొరికే పొడి కలిపి చిక్కగా చెయ్యాలి. పల్చటివి ఏవీ వద్దు. చారు వద్దు, కాఫీ వద్దు, మజ్జిగ వద్దు.

మజ్జిగ వద్దు అన్నప్పుడు అత్తగారు మంచం మీద నుంచి ఆ అమ్మాయి వంక చూసిన చూపు నాకు బాగా గుర్తు. నాట్ల రోజుల్లో పొలంలో ఉన్నవాళ్ళందరికీ కుండలతో మజ్జిగ పంపిన మనిషి ఆవిడ. ఉప్పు, అల్లం, కరివేపాకు నలిపి వేసి, నీళ్ళలా పల్చగా చేసేది. మంచినీళ్ళ కంటే అదే ఎక్కువ తాగేది.

అత్తగారికి ముగ్గురు పిల్లలు. పెద్దావిడ మా ఆడపడుచు, గన్నవరంలో ఉంటుంది. మధ్యలో మావారు. మా ఇల్లు విజయవాడలో, బెంజ్ సర్కిల్ వెనక సందులో. చిన్నవాడు మా మరిది, ఇబ్రహీంపట్నంలో ఉంటాడు. తల్లి నెలకొకరి ఇంట్లో ఉండాలని ముగ్గురూ అనుకున్నారు. అనుకున్నది వాళ్ళు ముగ్గురూ, చేసేది మేం ముగ్గురం. నేను, మా తోటికోడలు, నేను వదినగారు అని పిలిచే మా ఆడపడుచు.

నేను ఐదో తరగతితో చదువు ఆపేశాను. కాని విన్న మాట నా దగ్గర నుంచి పోదు. ఆస్పత్రిలో ఆ అమ్మాయి చెప్పింది చెప్పినట్టు ఇప్పటికీ అప్పజెప్పగలను. అదే నా పీకల మీదికి వచ్చింది. అత్తగారు ఎవరింట్లో ఉన్నా ఫోను నాకే వచ్చేది. "అక్కా, ఆ తెల్లమాత్ర నలిపి ఇవ్వాలా, కరిగించాలా?" అని తోటికోడలు. "అమ్మాయ్, ఎడమ పక్కకి తిప్పి ఎంతసేపుంచాలి?" అని వదినగారు. పప్పు తిరగమోత పెడుతుంటే ఫోను, స్నానానికి వెళ్తే ఫోను. అత్తగారు మా ఇంట్లో ఉన్న నెల ఒళ్ళు అలిసేది. లేని నెలల్లో నోరు అలిసేది.

మా అమ్మాయి ఆఫీసులో ఉద్యోగం చేస్తుంది. నా అవస్థ చూసి ఒక ఆదివారం నా ఫోన్లో నోట్సు యాప్ పెట్టింది. "మైకు నొక్కి మాట్లాడమ్మా, అదే రాసుకుంటుంది" అంది. నేను కూరగాయలు తరుగుతూ మాట్లాడాను. నేను చెప్పినదంతా అక్షరాలైంది. దాన్ని మూడు ఫైళ్ళు చేసింది. ఒకటి తిండి, ఒకటి మందులు, ఒకటి పడక. "ఇప్పుడు అందరికీ షేర్ చేద్దాం. ఇక నిన్నెవరూ అడగరు" అంది.

అక్కడే మొదలైంది.

షేర్ చేసేటప్పుడు ఒక్కొక్కరి పేరు పక్కన అడుగుతుంది. ఈ మనిషి చూడొచ్చా, రాయొచ్చా అని. చూడటానికి వ్యూ, రాయడానికి ఎడిట్; ఎడిట్ ఉన్నవాళ్ళ ఫోన్లో ఫైలు పక్కన పెన్సిలు బొమ్మ కనపడుతుంది. మా అమ్మాయి నాకు మాత్రం ఎడిట్ పెట్టి, మిగతా అందరికీ వ్యూ పెట్టబోయింది. నేను దాని చెయ్యి పట్టుకున్నాను.

"మీ అత్తకి చూడటం ఒక్కటే ఇస్తావా?"

"చూస్తే చాలు కదమ్మా. చదువుకోవడానికేగా."

"వాళ్ళమ్మ గురించి. నాకు రాయడం, ఆవిడకి చూడటం. ఆవిడ ఊరుకుంటుందా?"

"అత్తకి అసలు ఈ తేడా తెలుస్తుందంటావా?"

"అన్నిటికంటే ముందు అదే తెలుస్తుంది."

మాలో శుభకార్యమైతే ఇంటింటికీ వెళ్ళి బొట్టు పెట్టి పిలుస్తాం. ముందు ఆడపడుచుకి పెట్టాలి. వరసలో ఒకరికి బొట్టు పెట్టి, పక్కనున్నావిడకి నోటితో చెప్పి వచ్చామనుకోండి, ఆ మాట మన మనవల పెళ్ళిళ్ళ దాకా వస్తుంది. నేను ఈ షేరింగుని కూడా ఆ పద్ధతిలోనే చేశాను. ముందు వదినగారికి, తర్వాత ఆవిడ కోడలికి, తర్వాత తోటికోడలికి, అప్పుడప్పుడు సాయానికి వచ్చే తోటికోడలి తల్లికి, మావారి పిన్నికి. అందరికీ మూడు ఫైళ్ళూ, అందరికీ ఎడిట్. ఎవరినీ తక్కువ చెయ్యలేదని ఆ రోజు తృప్తిగా భోజనం చేశాను.

సాయంత్రం మావారు ఫోన్ చూసి, "ఇంతమందికి ఇచ్చేశావేంటి?" అన్నారు.

"ఎవరిని వదిలెయ్యమంటారో మీరు చెప్పండి."

ఆయన టీవీ పెట్టుకున్నారు.

వారం తిరిగేసరికి మందుల ఫైల్లో ఎవరో గులాబీ పువ్వు పెట్టి శుభోదయం అన్నారు. పిన్నిగారు పడక ఫైల్లో నువ్వుల నూనె మర్దనా ఎలా చెయ్యాలో రాశారు. తోటికోడలి తల్లి ఫోన్ పట్టుకుని నిద్రపోయిందేమో, ఒక పేరా అంతా 'ల' అనే అక్షరమే వచ్చింది. నేను రోజూ మధ్యాహ్నం అన్నాలయ్యాక కూర్చుని, బియ్యంలో రాళ్ళు ఏరినట్టు అవన్నీ ఏరేదాన్ని. నేను తీసేస్తే మళ్ళీ ఎవరో పెట్టేవారు. ఫోన్లు తగ్గాయా అంటే అవీ తగ్గలేదు. "అక్కా, ఫైల్లో ఇలా ఉంది, నిజమేనా?" అని అడగడానికి చేసేవారు.

ఈ ఏడు వానాకాలం మొదట్లో అత్తగారు గన్నవరంలో నెల ముగించుకుని ఇబ్రహీంపట్నం వెళ్ళారు. ఆ వారం మా ఇంట్లో అందరికీ జ్వరాలు. నేను ఫైళ్ళు చూడలేదు.

ఒక మధ్యాహ్నం మా మరిది ఫోన్ చేశాడు. "వదినా, అమ్మకి ఆయాసంగా ఉంది. ఆస్పత్రికి తీసుకెళ్తున్నాం" అన్నాడు. నేను వెళ్ళేసరికి ముక్కుకి గొట్టం పెట్టారు. ఛాతీలో నిమ్ము చేరింది. తోటికోడలు వరండాలో బెంచీ మీద కూర్చుని ఉంది. నన్ను చూడగానే లేచి వచ్చి చెయ్యి పట్టుకుంది.

"మజ్జిగ పట్టానక్కా. పొలమారింది. తగ్గిపోతుందిలే అనుకున్నా."

"మజ్జిగ పట్టావా?"

"ఫైల్లో ఉందక్కా. నా బుర్రకి తోచి చెయ్యలేదు. ఫైలు చూసే ఇచ్చా."

ఆమె ఫోన్ తీసి చూపించింది. తిండి ఫైల్లో, నేను 'పల్చటివి ఏవీ వద్దు' అన్న మాట ఉండాల్సిన చోట అది లేదు. అక్కడ ఇలా ఉంది: 'అమ్మకి బాగా వేడి చేసింది. పల్చని మజ్జిగ పట్టండి. తాగుతోంది, ఏమీ కావడం లేదు.'

అత్తగారిని అమ్మ అని రాయగల ఆడమనిషి మా ఇంట్లో ఒక్కరే. మా అమ్మాయి వచ్చాక, "ఎవరు మార్చారో హిస్టరీలో ఉంటుందమ్మా, తీసి చూపించనా?" అంది. వద్దన్నాను. తోటికోడలు కూడా ఎవరని అడగలేదు. వదినగారు ఆ సాయంత్రమే వచ్చారు. తల్లి కాళ్ళ దగ్గర కూర్చుని పాదాలు ఒత్తుతూ ఉండిపోయారు. ఆవిడా ఏమీ అడగలేదు. మామూలుగా అయితే ఆస్పత్రి క్యాంటీన్ కాఫీ దగ్గర నుంచి నర్సు చెయ్యి బరువు దాకా అన్నిటికీ వంకపెట్టే మనిషి.

అత్తగారు బతికి బయటపడ్డారు. కాని ఇంకొకసారి ఇలాగే అయితే ఆవిడ తట్టుకోలేరని డాక్టరుగారు గట్టిగా చెప్పారు. గన్నవరంలో పట్టినప్పుడు కూడా కొంచెం కొంచెం లోపలికి దిగే ఉంటుందని అన్నారు.

ఇంటికొచ్చాక మా అమ్మాయి ఫోన్ చేతికిచ్చింది. "ఫైలు ఫైలుకీ వేరేగా పెట్టుకోవచ్చు. తిండి ఫైలు ఒక్కదానికైనా అత్తకి ఎడిట్ తీసెయ్యి. ఇదిగో, ఇక్కడ నొక్కితే చాలు" అంది.

"తీసేస్తే ఆవిడకి తెలుస్తుందా?"

"మెసేజ్ వెళ్తుంది. మీ అనుమతి మారింది అని."

నొక్కడానికి వేలు చాలు. కాని ఆ మెసేజ్ గన్నవరంలో ఆవిడ ఫోన్లో మోగడం నాకు ఇక్కడికే వినిపించింది. చెప్పకుండా తీసేస్తే ఆవిడ తల్లిని చూడటానికే రావడం మానేస్తుంది. తియ్యకపోతే రేపు మళ్ళీ ప్రేమకొద్దీ ఏదో రాస్తుంది, ఎవరో అది చదివి తాగిస్తారు. రెండు రోజులు అదే ఆలోచిస్తూ నలిగాను. మూడోరోజు వంట త్వరగా ముగించి, బెంజ్ సర్కిల్ దగ్గర బస్సెక్కాను.

వదినగారి ఇల్లు విమానాశ్రయానికి దగ్గర. విమానం వెళ్ళినప్పుడల్లా మాట ఆపి, అది పోయాక ఆపిన చోటే అందుకోవడం ఆ ఇంట్లో అందరికీ అలవాటు. ఆవిడ నన్ను చూసి, "ఎండలో పడి వచ్చావేంటి, ఫోన్ చెయ్యకుండా?" అని కాఫీ కలపబోయారు.

"చెప్పాక ఇవ్వండి వదినగారూ. ఇవ్వబుద్ధయితే."

ఆవిడ గిన్నె కింద పెట్టారు. "తీసేశావా, తీసేద్దామని వచ్చావా?"

"తీసేద్దామని వచ్చానండీ. ఫోన్ చెప్పేకంటే నేను చెబితే మర్యాదని."

"అడగడానికి వచ్చావా, చెప్పడానికి వచ్చావా?"

"చెప్పడానికేనండీ."

ఒక విమానం వెళ్ళింది. ఆవిడ అది పోయేదాకా ఆగారు.

"మా అమ్మకి ఏం పెట్టాలో నేను రాయకూడదు. నిన్నగాక మొన్న వచ్చినదానివి, నువ్వు రాస్తావు."

"నేను వచ్చి ముప్పై ఏళ్ళు దాటిందండీ."

"అదే అంటున్నా. నిన్నగాక మొన్న."

నాకు నవ్వొచ్చింది. ఆవిడకి రాలేదు. గోడకి చేరగిలబడి కింద కూర్చున్నారు. నేనూ కూర్చున్నాను.

"నేను పట్టాను అమ్మాయ్. నెలంతా పట్టాను. ఒక్కసారీ పొలమారలేదు."

"మీరు ఎలా పట్టారండీ?"

"చెంచాతో. గెడ్డం పట్టుకుని, గుక్క దిగిందా లేదా గొంతు మీద వేలు పెట్టి చూసి, అప్పుడు ఇంకో చెంచా."

"ఆ చెయ్యి ఫైల్లోకి రాలేదు వదినగారూ. మజ్జిగ అన్న మాటొక్కటే వచ్చింది. చదివిన పిల్ల వెండి గ్లాసు నోటికి పెట్టింది. దాని తప్పు కాదు."

"నా తప్పంటావు."

"మీ తప్పని అనడానికైతే బస్సెక్కేదాన్ని కాదండీ. ఇంకోసారి అయితే ఆవిడ ఉండరని చెప్పారు. నాకు వాదించే ఓపిక లేదు. ఆవిడ ఉంటే చాలు."

డాక్టరుగారు గన్నవరం గురించి అన్న మాట నేను ఆవిడకి చెప్పలేదు. ఇప్పటికీ చెప్పలేదు. ఇక పట్టకపోతే చాలు కదా అనుకున్నాను.

ఆవిడ చీర కుచ్చిళ్ళు సర్దుకున్నారు. తర్వాత, "సరే. నాకు తీసెయ్. కాని నీకూ తీసేసుకో" అన్నారు.

"నాకా?"

"నాకు లేకుండా నీకుంటే మా ఇంటి పెత్తనం నీదైనట్టు. ఇద్దరికీ లేకపోతే ఎవరికీ బాధ లేదు."

"మరి రాసేదెవరండీ?"

"మీ అమ్మాయి. మందులు రాయించడానికి ఆస్పత్రికి అదేగా వెళ్ళేది. చిన్నపిల్ల. దాని మాట వింటే నాకు నామోషీ లేదు. నీ మాట వినాలంటే ఉంది."

ఇంత సూటిగా ఆవిడ తప్ప ఎవరూ అనలేరు. అక్కడే కూర్చుని మిగతావి తేల్చుకున్నాం. తిండి ఫైలు, మందుల ఫైలు మా అమ్మాయి ఒక్కదానికే ఎడిట్. అది ఆస్పత్రిలో చెప్పింది మాత్రమే రాయాలి. మిగతా అందరికీ వ్యూ, నాతో సహా. పడక ఫైలు మాత్రం అత్తగారు ఎవరింట్లో ఉంటే వాళ్ళకి ఎడిట్. ఎప్పుడు తిప్పారో, వీపు మీద ఎర్రబడిందో లేదో చూసేది వాళ్ళే కాబట్టి. ఆవిడ ఇల్లు మారిన రోజే అదీ మారాలి. ఒకరికి తీసి ఇంకొకరికి ఇచ్చే పని నాకు పడింది.

"అది పెత్తనం కాదాండీ?" అన్నాను.

"అది చాకిరీ. నువ్వే చెయ్యి."

అప్పుడు లేచి కాఫీ కలిపారు. గ్లాసు నా చేతికిచ్చి, గుమ్మం దగ్గర నిలబడి బయటికి చూస్తూ అన్నారు: "అమ్మ మజ్జిగ అడుగుతుంది అమ్మాయ్. మాట ముద్దగా వస్తుంది కదా, మిగతావి నాకు అర్థం కావు. ఆ ఒక్కటి అర్థమవుతుంది. అడిగినప్పుడు ఏం చెయ్యాలో మీ ఫైల్లో లేదు."

నాకూ తెలియలేదు. ఆస్పత్రిలో ఆ అమ్మాయి చెప్పిన మాటలన్నీ వెతుక్కున్నాను. అందులో అది లేదు.

బస్సులో వస్తూ ఆలోచించాను. ఇంటికొచ్చి మా అమ్మాయి చేత నాలుగో ఫైలు తెరిపించాను. దాని పేరు 'అత్తయ్య అడిగినవి'. దానికి మాత్రం అందరికీ ఎడిట్ ఇచ్చాను. వదినగారితో మొదలుపెట్టి, పిన్నిగారి దాకా, పాత వరసలోనే. పైన ఒక్క మాట రాయించాను, ఇందులో ఉన్నవి అడిగినవే, ఇవ్వాల్సినవి కావు అని. మిగతా ఫైళ్ళకి ఎడిట్ తీసేసిన సంగతి ఒక్కొక్కరికీ ఫోన్ చేసి నా నోటితో చెప్పాను. పిన్నిగారు నువ్వుల నూనె గురించి అరగంట మాట్లాడారు. తోటికోడలి తల్లి, "చూడటమేనా?" అని, "పోనీలే, నాకు అద్దాలు కూడా మార్చాలి" అంది. తోటికోడలు మాత్రం, "మంచి పని చేశావక్కా. నాకు ఆ పెన్సిలు బొమ్మ చూస్తే భయమేస్తోంది" అంది.

ఆ తర్వాత ఫోన్లు ఆగాయని చెబితే అబద్ధమే. అత్తగారు మళ్ళీ గన్నవరం వెళ్ళిన మొదటి రోజే వదినగారు ఫోన్ చేశారు.

"నీళ్ళలో పొడి ఎంత కలపాలి?"

"ఫైల్లో ఉందండీ."

"చూశా. ఉంది. నువ్వు చెప్పు."

చెప్పాను. ఆవిడ అవతల అత్తగారితో, "ఇదిగో, నీ కోడలు కూడా అంతే అంటోంది" అనడం వినిపించింది.

నాలుగో ఫైలు ఇప్పుడు మిగతా మూడింటి కంటే పొడుగైంది. పిన్నిగారి మాట, తోటికోడలి మాట, అందరివీ ఉన్నాయి. వంకాయ కారం పెట్టి కూర అడిగారు. ఉలవచారు అడిగారు. రేడియో అడిగారు. మామగారు ఎక్కడికి వెళ్ళారని అడిగారు. కిటికీ తియ్యమన్నారు, అది తీశాం. మా ఇంట్లో ఉన్న నెల నేనూ రాస్తాను. ఎక్కువసార్లు రాసేది ఒకటే కాబట్టి ఫోను ఇప్పుడు 'మ' అనగానే మిగతాది అదే చూపిస్తుంది.

ఈ ఉదయం అత్తగారు మా ఇంటి నుంచి గన్నవరం వెళ్ళారు. సామానంతా కారెక్కించాం. వెండి గ్లాసు కూడా పెట్టాను. దాంతో తాగించేవాళ్ళు లేరు గాని, అది కనపడకపోతే ఆవిడ ఎడమ చెయ్యి పక్క మీద వెతుకుతుంది. కారు సందు మలుపు తిరిగాక వచ్చి కుర్చీలో కూలబడ్డాను. నడుము పట్టేసింది. ఫోన్ తీసి, పడక ఫైల్లో నా పేరు పక్కన ఎడిట్ తీసి వ్యూ పెట్టాను. వదినగారి పేరు పక్కన వ్యూ తీసి ఎడిట్ పెట్టాను. నా ఫోన్లో పెన్సిలు బొమ్మ పోయింది. ఈ నెల ఆ ఫైల్లో నేను ఒక్క అక్షరం మార్చలేను. కళ్ళు మూసుకుని కాసేపు అలాగే ఉన్నాను.

మధ్యాహ్నం అంట్లు తోముతుంటే ఫోన్ మోగింది. చెయ్యి తుడుచుకుని చూశాను. నాలుగో ఫైల్లో వదినగారు రాశారు.

'వచ్చీ రాగానే మజ్జిగ అడిగింది. ఇవ్వలేదు. పెరుగు చిక్కగా చిలికి, ఉప్పు, అల్లం రసం వేసి చెంచాతో పెట్టాను. ముఖం తిప్పుకుంది. మళ్ళీ ఇటు తిరిగి తింది.'